కుట్టు విప్పిన చోటు

స్టేడియం మెట్ల కింద, బాయిలర్ గది పక్కన
నా కుట్టుమిషను.
ఇరవై ఆరేళ్లుగా కుర్రాళ్ల వీపుల మీద
పేర్లు కుడుతున్నాను.
అయోవా చలికి వేళ్లు కొంకర్లు పోయాయి గాని
అక్షరాన్ని మాత్రం వంకర పోనివ్వలేదు.

ఒకప్పుడు ఆగస్టులో కుట్టిన పేరు
నాలుగేళ్లకు విప్పేదాన్ని.
ఇప్పుడు జనవరిలో కొన్నాళ్లు తలుపులు తీస్తారు,
ఎవరు ఏ కాలేజీకైనా పోవచ్చు.
ఆ కొన్నాళ్లూ నా చేతిలో కత్తెరే.
మొన్న ఒక్కరోజే పదకొండు పేర్లు.
ఒళ్లో దారం ముక్కలు, ఎర్రచీమల్లా.

పొద్దున కాఫీ హోటల్లో
మొక్కజొన్న రైతు గస్ వాండర్‌ప్లూగ్ బల్ల గుద్దాడు:
"ఉప్పు తిన్న విశ్వాసం ఉండక్కర్లేదా?
పోయేవాణ్ణి పోనీ,
వెనకటిలా ఏడాది బెంచీ మీద కూర్చోబెట్టాలి!"
నేను గుడ్డు మీద మిరియాలు చల్లుకుంటూ
ఊరుకున్నాను.
ఊరుకున్నాను గాని
ఎమోరీ ప్రూయిట్ గుర్తొచ్చాడు.

తల్లికి డయాలసిస్ అని
టెక్సస్ వదిలి ఇక్కడికి మారాడు,
ఆమె మంచానికి నలభై మైళ్లలో ఉండొచ్చని.
కమిటీ కాగితం పంపింది:
కారణం చాలదు, ఏడాది ఆడరాదు.
ఆ ఏడాదంతా పేరు లేని జెర్సీ తొడుక్కుని,
శనివారం రాబోయే ప్రత్యర్థి వేషం కట్టి,
ప్రతి మంగళవారం మనవాళ్ల చేతే
నేలకు కొట్టించుకున్నాడు.
తల్లి అక్టోబరులో పోయింది.
అతని ఆట చూడనే లేదు.
మరుసటి ఆగస్టులో అతని పేరు కుడుతుంటే
సూది నా బొటనవేట్లో దిగింది.
మొదటి అక్షరం తోక మీద ఆ మరక
సీజనంతా ఉంది.

ఎమోరీ కూర్చున్న ఆ ఏడాదే, డిసెంబరులో
కోచ్ హాల్వర్సన్
"మనదంతా ఒక కుటుంబం" అని మధ్యాహ్నం చెప్పి
రాత్రికి విమానమెక్కాడు.
ఇంకా ఒక ఆట మిగిలే ఉంది.
ఆయన్ని ఎవరూ కూర్చోమనలేదు.
తెల్లారేసరికి కొత్త ఊళ్లో కొత్త టోపీ,
కొత్త కుటుంబం.

మా ఆయన పందిమాంసం ఫ్యాక్టరీలో కత్తి పట్టేవాడు.
గంటకో డాలరు ఎక్కువంటే నది దాటి పోయాడు,
ఇంకో అర డాలరుకి వెనక్కొచ్చాడు.
అప్పుడు విశ్వాసం మాటెత్తలేదే, గస్?

అలాగని తలుపు బార్లా తెరిచారని
పండగ చేసుకోనూ లేను.
టోబిన్ రెస్కో, ఎప్పుడూ రెండో వరుస కుర్రాడు.
ఎవరో ఏజెంటు చెవిలో ఊదాడు,
నీ విలువ నీకు తెలీదని.
జాబితాలో పేరు పెట్టి
ఫోను దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు.
మార్చి వచ్చింది. ఫోను మోగలేదు.
ఇక్కడి స్కాలర్‌షిప్పు ఇంకొకడికి పోయింది.
రెంటికీ చెడ్డ రేవడి.

నిన్న సాయంత్రం నా గది గుమ్మంలో నిలబడి
"నా నలభై ఏడు ఉందా?" అన్నాడు.
ఉంది.
మిషను మీదే ఉంది, సగం వేరే పేరుతో.
ఫ్లోరిడా నుంచి రాబోయేవాడిది,
నేనింకా మొహమైనా చూడలేదు.

అతను గుడ్డని వేలితో తడిమాడు.
కొత్త అక్షరాల పక్కన
పాత కుట్టు వదిలిపోయిన
సన్నటి బెజ్జాలు.
"ఇవి ఉతికితే పోతాయా?"
"కొన్ని పోతాయి," అన్నాను.

ఎక్కడో పెద్ద గదుల్లో
తాళమా తలుపా అని వాదించుకుంటున్నారట.
నన్నెవరూ అడగరు.
అడిగితే మాత్రం
ఆ బల్ల దగ్గర ఎమోరీకొక కుర్చీ,
టోబిన్‌కొక కుర్చీ వేయమంటాను,
కోచ్‌ని కాసేపు నిలబడమంటాను.

బయట మంచు. పిల్లాడు కోటు లేకుండా వచ్చాడు.
మరిచిపోయిన సామాన్ల పెట్టెలోంచి ఒకటి తీసిచ్చాను.
మెడ దగ్గర ఎవరి పేరో ఉంది,
చదవలేదు.

అడుగుల చప్పుడు మెట్లెక్కి పోయాక
దీపం దగ్గరికి లాక్కున్నాను.
ఇంకా నాలుగక్షరాలు కుట్టాలి.